బావ స్విఫ్ట్ ఇంజన్ మళ్ళీ కట్టాం: ఆటోనగర్, ఆయిలు, రన్నింగ్ ఇన్

కొత్తగా కట్టిన ఇంజన్ కుదురుకునేలా మొదట్లో తోలడాన్ని రన్నింగ్ ఇన్ అంటారు. ఇంజన్ పని చేయించిన బండిని మొదటి వెయ్యి కిలోమీటర్లు నలభై దాటకుండా తోలాలి అని ఎవర్నడిగినా చెప్తారు. మా నాన్న చెప్తాడు, పక్కింటాయన చెప్తాడు, టీ కొట్టు దగ్గర నిలబడ్డ లారీ డ్రైవరన్న కూడా చెప్తాడు. అంబాసిడర్ల కాలంలో ఆ మాట సరిపోయిందేమో గానీ టర్బో (ఇంజన్లోకి గాలిని ఒత్తిడితో తోసే చిన్న ఫ్యాను) ఉన్న డీజిల్‌ని అలా తోలితే లక్ష పెట్టి కట్టించిన ఇంజన్‌ని మన చేత్తో మనమే సగం పాడుచేసుకున్నట్టు. ఈ మధ్య మా బావ స్విఫ్ట్ డీజిల్ ఇంజన్ మొత్తం దించి విజయవాడ ఆటోనగర్‌లో మళ్ళీ కట్టించాం, నేను సెలవు పెట్టి మరీ దగ్గర కూర్చున్నా, అక్కడ మేస్త్రీతో పడ్డ వాదనలు కూడా కలిపి రాస్తున్నా, ఎవరికైనా పనికొస్తాయని.

ముందు ఇంజన్ గురించి రెండు ముక్కలు. ఇది ఫియట్ వాళ్ళ 1.3 మల్టీజెట్, 1248 సీసీ, నాలుగు సిలిండర్లు, 2007లో మారుతి స్విఫ్ట్‌లో డీడీఐఎస్ పేరుతో మన దగ్గరికి వచ్చింది. తర్వాత డిజైర్, రిట్జ్, ఎర్టిగా, టాటా విస్టా, పుంటో, లీనియా ఇలా ఎన్ని బళ్ళలో పెట్టారంటే పత్రికల వాళ్ళు దీన్ని నేషనల్ ఇంజన్ ఆఫ్ ఇండియా అనేవాళ్ళు. 2020లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చేసరికి మారుతి డీజిల్ ఆపేసింది, దీని కథ కూడా అక్కడితో అయిపోయింది. గట్టి ఇంజన్, ఆయిలు టైముకి మారిస్తే లక్షల కిలోమీటర్లు తిరుగుద్ది, క్యాబుల వాళ్ళని అడగండి చెప్తారు.

టైముకి మారిస్తే. అక్కడే మా బావ.

"డీజిల్ బండిలో ఆయిలు ఎప్పుడూ నల్లగానే ఉంటదిరా, కొత్తది పోసినా రెండ్రోజుల్లో నల్లబడుద్ది, ఇంక మార్చడం దేనికి" ఇదీ ఆయన సిద్ధాంతం. నల్లబడే మాట నిజమే, మసి అంతా ఆయిల్లోకే వస్తుంది కాబట్టి. కానీ ఆ మసిని విడివిడిగా పట్టి ఉంచే గుణం ఆయిల్లో కొంతకాలమే ఉంటుంది, అది అయిపోయాక మసి ముద్ద కట్టడం మొదలెడుతుంది. బావ మార్చడు, తగ్గినప్పుడల్లా అర లీటరు పోస్తాడు అంతే. అలా ఎంత దూరం తిరిగిందో ఆయనకే తెలీదు.

హైదరాబాద్ నుంచి వస్తూ కోదాడ దాటాక ఆయిల్ లైటు మిణుకు మిణుకుమందంట, రేస్ ఇస్తే ఆరిపోయిందంట, సెన్సర్ పోయిందిలే అనుకుని వచ్చేశాడు. నందిగామ దగ్గరికొచ్చేసరికి టర్బో ఈల కాస్తా అరుపైంది, వెనక నీలం పొగ, ఆ తర్వాత కింద నుంచి టక టక టక. అప్పుడు ఆపాడు. అదృష్టం ఏంటంటే తాళం తీస్తే ఆగింది. టర్బో సీలు పోయి ఆయిలు గాలి పైపులోకి పడిందంటే డీజిల్ ఇంజన్ ఆ ఆయిల్నే తాగుతూ దానంతటది రేసెత్తిపోతుంది, తాళం తీసి జేబులో వేసుకున్నా ఆగదు, ఎందుకంటే అది తగలబెట్టేది మనం ఆపిన డీజిల్ కాదు కదా. అలాంటప్పుడు మాన్యువల్ గేరు బండైతే బ్రేకు గట్టిగా తొక్కి పై గేరులో వేసి క్లచ్ వదిలి చంపేయాలి. గాలి పైపుకి చెయ్యి మాత్రం అడ్డం పెట్టకండి. రేసెక్కి మన కంట్రోల్లో లేని ఇంజన్ దగ్గరికి వెళ్ళడమే ప్రమాదం.

ఆటోనగర్‌లో మొదట చూపించిన చోట మాట ఏంటంటే "టర్బో పోయింది, కోర్ మార్చేద్దాం, సాయంత్రానికి బండి ఇచ్చేస్తాం" అని. కోర్ అంటే టర్బో లోపల తిరిగే భాగం. చాలామంది ఇక్కడే పడిపోతారు, టర్బో పోవడం రోగం కాదు, లక్షణం. చిన్న టర్బో షాఫ్టు నిమిషానికి రెండు లక్షల చుట్ల దాకా తిరుగుతుంది, అది నిలబడేది బాల్ బేరింగుల మీద కాదు, పల్చటి ఆయిల్ పొర మీద. ఇంజన్లో ఆయిల్ ప్రెజర్ తగ్గితే ముందు చచ్చేది అదే. కారణం కనుక్కోకుండా కొత్త కోర్ వేస్తే అది కూడా అదే దారిన పోతుంది. పైగా కింద టక టక వినిపిస్తుంటే టర్బో మాట ఎందుకసలు. వేరే షెడ్డుకి తోసుకెళ్ళాం.

అక్కడ మేస్త్రీ కొంచెం నిదానస్తుడు. ముందు చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిలుండే తొట్టి) విప్పాడు. అడుగున నల్లటి జిగురు వేలి మందాన పేరుకుని ఉంది, అందులో నుంచి ఆయిలు పీల్చే స్ట్రైనర్ జాలీ తీసి చూపిస్తే ముప్పాతిక మూసుకుపోయింది. పంపు బాగానే ఉంది, దానికి తాగడానికి ఆయిలు అందట్లేదు అంతే. ఆయిల్ లైటు మిణుకుమనడం అందుకే. బావ ఆ జాలీని చేతిలో పట్టుకుని కాసేపు చూసి "ఇంత చిన్నదా" అన్నాడు.

తర్వాత సంగతి మామూలే, మూడో సిలిండర్ కనెక్టింగ్ రాడ్ బేరింగు అరిగి రాగి రంగు తేలింది, క్రాంక్ (పిస్టన్ల కదలికని తిప్పుడుగా మార్చే షాఫ్టు) మీద గోరు పెడితే తగిలేంత గీతలు. బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ గోడ) పై భాగంలో అరుగుదల ఉంది. "హాఫ్ ఇంజన్ దొరుకుద్ది సార్, వేసేద్దాం" అన్నారు ఇంకో ఇద్దరు. హాఫ్ ఇంజన్ అంటే యాక్సిడెంట్ బండిదో దేనిదో, హెడ్డు లేకుండా కింది భాగం మొత్తం. తప్పేం కాదు, కొందరికి బాగా కలిసొస్తుంది, కానీ ఆ ఇంజన్ని ఏ బావ తోలాడో మనకేం తెలుసు. అందుకే ఉన్నదే కడదాం అనుకున్నాం.

లేత్ పనిలో ఒక్క మాట గట్టిగా చెప్తా. బోరు ముందు వేయించి (అంటే అరిగిన గోడని కొంచెం పెద్దగా కోయించి) పిస్టన్లు తర్వాత కొనకండి. ముందు ఓవర్ సైజ్ పిస్టన్లు, వాటి చుట్టూ ఉండి గ్యాసు, ఆయిలు దాటకుండా ఆపే రింగులు చేతికి రావాలి, వాటిని లేత్ షాపులో ఇచ్చి ఒక్కో పిస్టన్ మైక్రోమీటర్‌తో కొలిపించి దాన్ని బట్టి ఒక్కో బోరు వేయించాలి. మేం వెళ్ళిన షాపులో పెద్దాయన పిస్టన్లు లేకుండా బ్లాకు తెస్తే ముట్టుకోను అని వెనక్కి పంపేస్తాడు, ఆ ఒక్క మాటకే ఆయన మీద నమ్మకం కుదిరింది నాకు. క్రాంక్ పావు మిల్లీమీటరు అండర్ సైజ్‌కి గ్రైండింగ్, దానికి సరిపడా బేరింగులు. చివరగా హోనింగ్, అంటే బోరు గోడ మీద రాళ్ళతో సన్నటి అడ్డగీతలు పెట్టడం.

హోనింగ్ అయిపోయిన బ్లాకుని మేస్త్రీ డీజిల్ కొట్టి కడిగి బిగించేద్దాం అన్నాడు. నేను సర్ఫు, వేడినీళ్ళు, బ్రష్ అడిగేసరికి షెడ్డులో నవ్వులు. హోనింగ్ రాళ్ళ పొడి ఉంటుంది చూశారూ, అది గీతల లోపల కూర్చుంటుంది, డీజిల్‌కీ పెట్రోల్‌కీ పూర్తిగా రాదు, సబ్బునీళ్ళకే వస్తుంది. కడిగి, తెల్లగుడ్డతో తుడిచి చూపించా, బూడిద రంగు. మళ్ళీ కడిగితే మళ్ళీ బూడిద. గుడ్డ తెల్లగా వచ్చేదాకా కడిగాం, వెంటనే ఆయిలు పూశాం, లేకపోతే బెజవాడ ఉక్కకి సాయంత్రానికల్లా తుప్పు పట్టేస్తుంది. మేస్త్రీ ఆ గుడ్డని చూసి ఏం మాట్లాడలా, కానీ మర్నాడు పక్క బండి బ్లాకు దగ్గర కూడా సర్ఫు ప్యాకెట్ కనిపించింది.

ఇంజన్ కట్టడంలో బేరింగు సందు ప్లాస్టిగేజ్ (నలిగిన వెడల్పుని బట్టి సందెంతో చెప్పే ప్లాస్టిక్ దారం) పెట్టి చూసుకోవడం, రింగుని బోర్లో పెట్టి చివరల మధ్య గ్యాప్ కొలవడం ఇవి మామూలుగా చెప్పుకునేవే. టర్బో ఇంజన్లో రింగు గ్యాప్ మాన్యువల్లో చెప్పిన దానికంటే తక్కువ ఉండకూడదు, వేడికి రింగు సాగి రెండు చివరలూ గుద్దుకున్నాయంటే బోరు గీసుకుపోతుంది లేదా పిస్టన్ అంచే విరుగుతుంది. హెడ్ బోల్టులు కొత్తవి వేయాలి, అవి టార్క్ పెట్టి తర్వాత కోణం లెక్కన తిప్పే రకం, ఒకసారి సాగినవి మళ్ళీ వాడకూడదు. టైమింగ్ చైను, టెన్షనర్ ఎలాగూ మార్చాం, ఆయిల్ ప్రెజర్‌తో పనిచేసే టెన్షనర్ కదా, దానిక్కూడా అదే మురికి తగిలింది.

అసలు గొడవంతా పాత సామాన్ల దగ్గర. ఇంజన్ ఎంత శుభ్రంగా కట్టినా చచ్చిపోయిన ఇంజన్ తాలూకు లోహపు పొడి ఇంకా బండిలోనే ఉంటుంది, ఆయిల్ కూలర్లో, టర్బోకి ఆయిలు తీసుకెళ్ళే సన్న పైపులో, టర్బో తోసిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్లో. ఆయిల్ కూలర్ లోపల సందులు ఎంత సన్నవంటే ఎన్ని సార్లు కడిగినా పూర్తిగా వచ్చిందని చెప్పలేం, అందుకే కొత్తది కొనమన్నా. బావ "అది కారట్లేదు కదరా, బాగానే ఉంది కదా, ఎందుకు మార్చడం, నీకు చాదస్తం ఎక్కువ" అని గంట సేపు సతాయించాడు. అక్క ఫోన్లో "వాడు చెప్పింది చెయ్యండి ఈసారికి" అన్నాక సరే అన్నాడు.

ఇంటర్‌కూలర్ ఇంకా ముఖ్యం. మా దాన్ని తిరగేస్తే గ్లాసుకి పైగా ఆయిలు కారింది. దాన్ని అలాగే బిగించి కొత్త ఇంజన్ స్టార్ట్ చేసి రేస్ ఇస్తే ఆ ఆయిలంతా ఒక్కసారిగా సిలిండర్లలోకి పోయి, పైన చెప్పానే, ఇంజన్ దానంతటది రేసెత్తిపోవడం, అది షెడ్డులోనే జరుగుతుంది. కట్టిన రోజే మళ్ళీ పోయిన ఇంజన్ల కథలు ఆటోనగర్లో అడిగితే చెప్తారు. పైగా మా టర్బో రెక్కలు కవర్‌కి రాసుకుని అల్యూమినియం ముక్కలు కూడా పడ్డాయి కాబట్టి ఇంటర్‌కూలర్ కూడా మార్చేశాం, పైపులు కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టాం. టర్బో ఆయిల్ ఫీడ్ పైపు కొత్తది, రిటర్న్ పైపు లోపల తీగ పెట్టి శుభ్రం చేసి చూశాం. రిటర్న్ సరిగ్గా దిగకపోతే కొత్త టర్బో కూడా పొగ కొడుతుంది, అప్పుడు అందరూ టర్బో అమ్మినవాణ్ణి తిడతారు.

స్టార్ట్ చేసే రోజు. ఇంజక్టర్ల కనెక్టర్లు పీకేసి, ఆయిల్ లైటు స్విచ్ స్థానంలో ఒక ప్రెజర్ గేజి బిగించి, టర్బో ఆయిల్ రంధ్రంలో సిరంజితో ఆయిలు పోసి రెక్కని వేలితో తిప్పి, అప్పుడు సెల్ఫ్ కొట్టాం. కొంచెం కొంచెంగా, మధ్యలో స్టార్టర్ మోటార్‌కి విశ్రాంతి ఇస్తూ. గేజి ముల్లు లేచేదాకా ఇంజన్ స్టార్ట్ అవ్వకూడదు. ముల్లు లేచింది, ఇంకో రెండు సార్లు తిప్పి, కనెక్టర్లు పెట్టి, తాళం తిప్పితే ఒక్కసారికి అందుకుంది. పొగ మాత్రం కమ్మేసింది. బావ మొహం మాడిపోయింది, "మళ్ళీ పోయిందా?" అని. పోలేదు, పాత టర్బో కక్కిన ఆయిలు సైలెన్సర్ నిండా ఉంది, బిగించేటప్పుడు పూసిన ఆయిలు ఉంది, అదంతా కాలాలి. కొన్ని కిలోమీటర్లకి అదే ఆగింది.

ఇప్పుడు అసలు వాదన. మేస్త్రీ అంటాడు "సాయంత్రం దాకా ఐడిల్‌లో వదిలేద్దాం సార్, సెట్ అవుద్ది". ఆటోనగర్లో చాలా షెడ్లలో ఇదే పద్ధతి. నేను కుదరదన్నా.

ఎందుకంటే, బోర్లో హోనింగ్ గీతలు ఉంటాయి కదా అడ్డదిడ్డంగా, రుబ్బురోలుకి కొత్తగా గంట్లు కొట్టించినట్టు. ఆ గరుకు ఉన్నన్నాళ్ళే రింగు దానికి రాసుకుని తన ఆకారం తెచ్చుకోగలదు, గీతల మొనలు అరిగిపోయి నున్నబడ్డాక ఇంక ఆ అవకాశం ఉండదు. మరి రింగుని గోడకి నొక్కేది ఎవరు? రింగు స్ప్రింగు బలం చాలా తక్కువ. సిలిండర్లో మండినప్పుడు వచ్చే గ్యాసు ప్రెజర్ రింగు పైనుంచి దూరి వెనక్కి చేరి దాన్ని బయటికి తోస్తుంది, అదే అసలు బలం. ఐడిల్‌లో, నలభై స్పీడులో ఆ ప్రెజర్ ఎక్కడుంటుంది? రింగు సరిగ్గా ఆనదు, ఆయిలు దాటి పైకొచ్చి గోడ మీద మాడి గాజులా మెరిసే పొర కడుతుంది, గీతలన్నీ పూడిపోతాయి. అంతే, ఇంక ఆ బండి జీవితాంతం ఆయిలు తాగుతుంది, మళ్ళీ విప్పి హోనింగ్ చేయించడం తప్ప మందు లేదు. టర్బో ఇంజన్ కట్టాక బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) కొంచెం కొంచెంగా ఇస్తూ పోతే రింగులు ఇంకా బాగా కూర్చుంటాయి, భయపడి అసలు ఇవ్వకపోవడమే తప్పు.

ఇంకొందరు రెండు వేల ఆర్‌పీఎమ్ దగ్గర ఇరవై నిమిషాలు పట్టి ఉంచమంటారు. అది పాత ఇంజన్లలో క్యామ్ (వాల్వుల్ని తెరిచే షాఫ్టు) నేరుగా ట్యాపెట్ మీద రాసుకునే రకానికి, ఆ రెండూ పొసగడానికి. మల్టీజెట్‌లో రాసుకోకుండా దొర్లే రోలర్ రాకర్లు, దాని అవసరం లేదు. అలాగే పెట్రోల్ వాళ్ళు చెప్పే ఇంకో సలహా, యాక్సిలరేటర్ మొత్తం వదిలి ఇంజన్ బ్రేకింగ్‌తో వ్యాక్యూమ్ పుట్టించమని. పెట్రోల్ ఇంజన్లో గాలిని అడ్డే థ్రాటిల్ ఉంటుంది కాబట్టి అక్కడ పనిచేస్తుంది, డీజిల్లో అంత వ్యాక్యూమ్ రాదు. వదలడం మంచిదే, చల్లబడడానికి, కానీ అందులో మంత్రమేమీ లేదు.

సరే, లీకులు చూసుకున్నాం, కూలెంట్ గాలి తీశాం, ఇంజన్ వేడెక్కగానే రోడ్డెక్కాం. బందరు రోడ్డు, కంకిపాడు మీదుగా ఉయ్యూరు వైపు. ఆ వైపు కొండల్లేని ఊళ్ళు కదా, ఎక్కుడు రోడ్డు దొరకదు, అందుకే మేస్త్రీనీ ఆయన కుర్రాళ్ళనీ వెనక ఎక్కించి ఏసీ వేశా, అదే లోడు. మూడో గేరులో 1500 నుంచి 2500 దాకా సగం తొక్కుడుతో లాగడం, కాలు తీసేసి 1500కి రానివ్వడం, మళ్ళీ లాగడం. తర్వాత నాలుగో గేరు, కొంచెం ఎక్కువ తొక్కుడు, మూడు వేల దాకా. చెరకు ట్రాక్టర్ అడ్డొచ్చినప్పుడు ఆగి, ఆ వంకతో చల్లబరిచి. ఒకే స్పీడులో పోనివ్వలేదు, నాలుగో గేరులో వెయ్యి ఆర్‌పీఎమ్ దగ్గర నొక్కేసి గుంజనివ్వలేదు, అలా చేస్తే బేరింగుల మీద పడుతుంది బరువంతా. పూర్తి తొక్కుడు ఆ రోజు అసలు లేదు. వెళ్ళేటప్పటికీ వచ్చేటప్పటికీ బండి లాగడంలో తేడా నాకే కాదు, వెనక కూర్చున్న మేస్త్రీకి కూడా తెలిసింది. "కుదురుకుంటోంది సార్" అన్నాడు.

వచ్చీరాగానే వేడి మీదే ఆయిలు దించేశాం. బావకి ప్రాణం పోయింది, "ఇప్పుడేగా పోసింది!" అని. మొదట వచ్చే అరుగుదల పొడి, బిగించేటప్పుడు రాసిన పేస్టు, ఎక్కడో మిగిలిన మట్టి, అంతా ఆ మొదటి ఆయిల్లోనే ఉంటుంది. అందుకే ఖరీదైన సింథటిక్ పోయలేదు, మామూలు మినరల్ 15డబ్ల్యూ40 డీజిల్ ఆయిలు. ఈ ఇంజన్లో ఆయిల్ ఫిల్టర్ రేకు డబ్బా కాదు, లోపల కాగితం మడతల ఎలిమెంట్, దాన్ని బ్లేడుతో కోసి మడతలు విప్పి ఎండలో పరిచి చూశాం. బూడిద రంగు మెత్తటి పొడి ఉంది, అది ఉంటుంది. అయస్కాంతానికి అంటుకునేవి రింగులవీ బోరువీ. అంటుకోకుండా మెరిసే రేకులు కనిపిస్తే బేరింగు పోతున్నట్టు, అప్పుడు వెంటనే ఆపేయాలి. మాకు అవి లేవు.

తర్వాత 500 కిలోమీటర్లకి ఇంకోసారి మార్చి ఫిల్టర్ కోసి చూస్తే దాదాపు శుభ్రం. ఈలోపు బావకి పెట్టిన రూల్స్ ఇవే: నూరు దాటొద్దు, ఐడిల్‌లో ఏసీ వేసుకుని నిద్రపోవద్దు, ఒకే స్పీడులో గంటలు గంటలు పోవద్దు, కొద్దికొద్దిగా ఎక్కువ తొక్కుతూ పో. 1500 కిలోమీటర్లకి మూడో మార్పు, అప్పుడు అసలు గ్రేడు సింథటిక్ పోశాం. డిప్ స్టిక్ మీద గీత కిందికి దిగడం ఆగిపోయింది. స్టార్ట్‌లో ఉండగా ఆయిల్ మూత విప్పి చూస్తే గాలి తన్నడం చాలా తక్కువ, అంటే రింగులు కూర్చున్నట్టే. వేడి మీద ఐడిల్‌లో ప్రెజర్ ఒక బార్ పైనే నిలబడుతోంది.

ఖర్చు అడుగుతారుగా, టర్బోతో కలిపి లక్ష దాటింది. ఆయిల్ కూలర్, ఇంటర్‌కూలర్ లేకపోతే లక్ష లోపు అయ్యేది అని బావ ఇప్పటికీ చుట్టాల దగ్గర చెప్తున్నాడు. చెప్పుకోనీ. హైవే నుంచి దిగి ఇంటి ముందు ఆపాక మాత్రం తాళం తీయకుండా ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచుతున్నాడు, టర్బో చల్లబడాలంట. ఇది నాకే నేర్పిస్తున్నాడు ఇప్పుడు.